ఒక్క గుంజుడు

బురదగుంటలో వెల్లకిలా పడ్డ హర్షిణి లేవగానే రాయి కోసం వెతికింది. చేతికి బురదే దొరికింది. అదే విసిరింది.

చెక్కగోడ మీద కూర్చుని తాడు పట్టుకున్న జైపాల్ చొక్కాకు అది పచ్చుమని తగిలింది.

"ఎందుకాపినవ్? సగం ఎక్కిన మనిషిని ఏలాడదీస్తవా?"

"ఆపుమన్నది నువ్వే."

"నేను నోరిప్పిన్నా?"

గోదావరిఖని పక్కన ఓపెన్‌కాస్టు బొగ్గుగని మట్టిగుట్ట కింద యువజన సంఘం వాళ్లు పెట్టిన అడ్డంకుల పరుగు అది. టైర్ల కింద పాకాలి, దుంగ మోయాలి, గోడలెక్కాలి. మొత్తం నాలుగు కిలోమీటర్లు. చీటీలు తీసి జోడీలు కట్టారు. ఇద్దరూ కలిసి గీత దాటితేనే లెక్క.

ఆడపిల్లలకు సగం దూరం చాలని సంఘం పెద్ద బుచ్చన్న అంటే, హర్షిణి నెల రోజులు ఆయన ఇంటి చుట్టూ తిరిగి పోట్లాడింది. "సరే బిడ్డా. ఈసారి ఒక్క పిల్లన్న పూర్తి జెయ్యాలె. లేకుంటే ఇగ ఎప్పటికి మీకు సగమే," అన్నాడాయన. పేరిచ్చిన నలుగురిలో ముగ్గురు టైర్ల దగ్గరే మానుకున్నారు. మిగిలింది హర్షిణి ఒక్కతే. ఆమెకు చీటీలో వచ్చినవాడు ఈ జైపాల్, అంతకుముందెన్నడూ మొహం చూడని మనిషి.

రెండోసారి ఎక్కింది. ఈసారి అతను ఆగకుండా పైకి లాగాడు. దిగేటప్పుడు చెయ్యి ఇవ్వబోతే విదిలించుకుని దూకింది. మడమ కలుక్కుమంది. ఆ సంగతి చెప్పలేదు. చెబితే ఆమె హర్షిణి ఎందుకవుతుంది?

దుంగను చెరో కొస భుజానికెత్తుకున్నాక వాన మొదలైంది. ప్రేమకథల్లో వాన సన్నగా, ముద్దుగా పడుతుంది. ఇక్కడి వాన గుట్ట మీది మట్టినంతా కడిగి తెచ్చి ఇద్దరి కాళ్ల కింద పోసింది.

"తాడు ఒక్కసారి గుంజినవ్ గదా," అన్నాడు వెనక నుంచి.

"అవ్, గుంజిన. జల్ది పైకి లాగుమని."

"ఒక్కటంటే ఆపుడు. గది గుడ తెల్వదా?"

"ఏ బడిల చెప్పిండ్రు?"

"బొగ్గుబాయిల. నేను హాలేజీ నడుపుత. తాడు మీద బొగ్గు టబ్బులు ఎక్కుడు దిగుడు నా చేతిలనే. కిందికెల్లి గంట ఒకటి గొడితే ఆపాలె. ఎందుకని అడగద్దు."

"మాది టైలర్ షాపు. మా తాన గంట కొడితే గిరాకి వచ్చినట్టు."

అతను నవ్వలేదు. దుంగను ఇంకో భుజానికి మార్చుకున్నాడు.

"మా నాయిన ఓసారి గంట కొట్టిండు. నడిపేటోడు పరాకున్నడు. రెండో గంటకు ఆపిండు. అప్పటికే కాలు పోయింది. గందుకే ఒకటంటే నా చెయ్యి నన్నడగది. ఆగిపోతది."

హర్షిణికి కోపం పోలేదు. ఎవరి మీద పెట్టుకోవాలో మాత్రం తెలియలేదు. పాపం అనిపించింది, ఆ పాపం అనిపించినందుకు ఇంకా మండింది.

"గా ముచ్చట ముందుగాల చెప్పద్దా?"

"ఈడ పుట్టినోళ్లకు అందరికి ఎర్కే అనుకున్న."

"అందరికి అనుకుంటే గిట్లనే బురదల పడ్తరు."

చివరి గోడకు తాడు లేదు. అక్కడికి వచ్చేసరికి ఆమె కుంటు దాచినా దాగలేదు. గొడుగు కింద నిలబడ్డ బుచ్చన్న చూశాడు. "బిడ్డా, పక్కకెల్లి పో. సగం అని రాసుకుంట."

"పోదాం పా," అన్నాడు జైపాల్. "కాలు వాచింది."

"నువ్వు గుడ గట్లనే అంటున్నవా? నేను పక్కకెల్లి పోతే, రేపు వచ్చే పిల్లలకు పక్క తొవ్వనే మిగుల్తది. నా కాలు నాది. నీకేంది ఫికర్?"

"ఉంటది."

"ఎందుకుంటది?"

"నచ్చినవ్ గనక," అన్నాడతను, తిట్టినంత గట్టిగా. "పొద్దటిసంది తిడుతున్నవ్. ఒక్క తిట్టు మల్లొకసారి తిట్టలే. గసుంటి మనిషిని నేను యాడ సూడలే."

బుచ్చన్న గొడుగు పక్కకు ఒరిగింది. పాపం, ఆయన తడుస్తున్న సంగతి కూడా మరిచాడు.

హర్షిణి మొహం ఎర్రబడింది. కోపమో ఇంకోటో ఆమెకే తెలియదు. "గవన్ని గోడ దాటినంక. ముందు వంగు."

అతను వంగాడు. ఆమె బురద బూటుతో అతని భుజం తొక్కి, పళ్లు బిగబట్టి పైకి పాకింది. నొప్పికి కళ్లలో నీళ్లొచ్చాయి. పైనుంచి చెయ్యి చాపి అతన్ని కూడా లాగింది. ఇద్దరూ అవతల దిగి, ఒకరినొకరు పట్టుకుని కుంటుతూ గీత దాటారు. గీత దాటిన ముప్పై జోడీల్లో ఇరవై తొమ్మిదో వాళ్లు.

"పూర్తి అని రాయి కాకా," అంది రొప్పుతూ. "నా కండ్ల ముందట రాయి."

బుచ్చన్న రాశాడు. తలెత్తకుండానే అన్నాడు. "వచ్చే యేడు ఆడపిల్లలకు గుడ పూర్తి దూరమే. మీరిద్దరు మల్ల జోడి కావాల్నంటే చీటీల రావాలె. ఒకింటోళ్లయితే చీటీ అక్కెరలేదు."

జైపాల్ చొక్కా అంచు పిండుకుంటూ నేల చూశాడు.

"ఏం, నోరు పడిపోయిందా?" అంది హర్షిణి. "మీ అవ్వను మా ఇంటికి తోలు."

"నీ కోపం తగ్గినంక తోల్త."

"తగ్గినంకయితే నేను మల్ల సోంచాయించి వద్దంటనేమో. రేపే తోలు."