పునాది దగ్గర వెంట్రుక

బొలీవియాలోని లాపాజ్‌లో జనవరి ఇరవై నాలుగు అంటే బుల్లి వస్తువుల సంత. ఏది కావాలో దాని బొమ్మ కొని, సరిగ్గా మిట్టమధ్యాహ్నం పూజారి చేత పొగ వేయిస్తే ఏడాది తిరిగేలోగా అసలుది చేతికొస్తుంది. మెలితోనా ఇరవై ఏళ్లుగా ఆ సంతలో బొమ్మ మేడలు అమ్ముతోంది. తనకి మాత్రం ఇప్పటికీ అద్దిల్లే.

ఈసారి ఫుల్హెన్సియో అనే ఆసామి చేయించుకున్న ఏడంతస్తుల మేడ ఆమె ప్రాణం తోడేసింది. పసుపు గోడలు, ఆకుపచ్చ అద్దాలు, నూట పన్నెండు కిటికీలు. ఒక్కో కిటికీ చుట్టూ దారమంత ఎర్ర గీత. కొట్లో దొరికే కుంచెలు అంత సన్నగా గీయవని కూతురు రుఫీనా జుట్టుతో తనే కుంచె కట్టుకుంది. మూడు వారాలుగా సరైన నిద్ర లేదు. కళ్లు మంటలు, మెడ పట్టేసింది, రంగు వాసనకి అన్నం కూడా సయించడం లేదు.

సంత రోజు పదకొండున్నరకి ఆసామి వచ్చి మేడని చుట్టూ తిప్పి చూశాడు. కింద, పునాది దగ్గర, పసుపు రంగులో ఒక పొడుగాటి వెంట్రుక అతుక్కుపోయి ఉంది.

"అయ్యో, తీసేస్తానుండు బాబూ," అంది మెలితోనా. లాగితే రంగు లేస్తుంది, మళ్లీ పూయాలి. ఆమెకి ఏడుపొచ్చినంత పనైంది.

"ఎవరిదక్కా ఈ జుట్టు?"

"మా అమ్మాయిది. అదిగో, కుర్చీలో కూచుని జడేసుకుంటోందే, దానిదే. పెళ్లీడొచ్చినా ఇంకా అద్దం వదలదు."

"పేరేంటి?"

"రుఫీనా."

"బాగుంది. ఉండనీ అక్కా... అలాగే ఉండనీ."

హమ్మయ్య అనుకుంది మెలితోనా. అలసిపోయిన మనిషి మరి, ఎందుకు అడిగాడా అని ఆలోచించలేదు.

అతను మేడ పట్టుకుని పూజారి దగ్గరికి వెళ్లాక, పక్క కొట్టామె ఎలోదియా మెలితోనా దగ్గరికి జరిగి గుసగుసలాడింది.

"ఆయన కట్టిస్తున్న అసలు మేడ పునాది రెండుసార్లు కూలింది, తెలుసా? లామా జంతువు కడుపులోని పిండాన్ని పాతిపెట్టినా నిలవలేదంట. భూమాతకి అది చాలదంట... మనిషి కావాలంట."

మెలితోనా లేచింది. పూజారి వైపు పరుగెత్తింది. జనం... పొగ... సారా వాసన...

"బాబూ, ఆగు! అది ఇచ్చెయ్! ఇంకోటి చేసిస్తా!"

పన్నెండు గంటలు మోగాయి. పూజారి మేడ మీద పూలరేకులు చల్లి పేరు అడిగాడు. ఆసామి పెదాలు కదిలాయి. చెప్పింది తన పేరు కాదు.

మెలితోనా వెనక్కి పరుగెత్తింది. రుఫీనా కుర్చీలోనే ఉంది, సగం వేసిన జడతో. తల్లికి ప్రాణం లేచొచ్చింది.

"పదవే, ఇంటికి పోదాం."

"లేవలేకపోతున్నానమ్మా," అంది రుఫీనా మెల్లగా. "కాళ్లు... చల్లగా ఉన్నాయి."

మెలితోనా వంగి చూసింది. కూతురి పాదాల నిండా తడి సిమెంటు. రాళ్లు పరిచిన ఆ వీధిలో ఎక్కడా కొత్త సిమెంటు లేదు. కొంగుతో గట్టిగా తుడిచింది.

మళ్లీ వచ్చింది... ఈసారి చీలమండల దాకా.