రోలర్ల మీద మంచి బాలుడు

కారు చచ్చింది!

చావలేదు. కానీ అంత పనీ అయింది.

వంతెన మీద వాన. చీకటి పడుతోంది. యాక్సిలరేటర్‌ని నేలకు తగిలేదాకా తొక్కుతోంది ఆమె. ఎర్ర స్పోర్ట్స్ కారు. ఎనిమిది సిలిండర్ల ఇంజిన్. పులిలా దూకాల్సింది... పిల్లిలా గుర్రుమంటోంది.

"ఏం రోగమే నీకు? కదలవే!"

పేరు గొప్ప, ఊరు దిబ్బ!

అద్దంలో రెండు లైట్లు. వెనక తరుముతున్నది బావ. అక్క మొగుడు. ఈ ఇంజిన్ తయారుచేసిన చీఫ్ ఇంజినీరు. ఆమె అదే కంపెనీలో టెస్ట్ డ్రైవర్. ఈ సాయంత్రం నుంచి కారు దొంగ కూడా.

ఫోన్ మోగింది. కారు స్పీకర్లో బావ గొంతు.

"చిట్టీ, పక్కకి తీసి ఆపు. ఇంట్లో మాట్లాడుకుందాం."

"తమ్ముడు జైల్లో ఉన్నాడు బావా! ఏ ఇంట్లో మాట్లాడుకుందాం?"

వాడు చేసిన నేరమల్లా నిజం చెప్పడం. పెట్రోలు ఆదా కోసం ఈ ఇంజిన్ నాలుగు సిలిండర్లను నిద్రపుచ్చుతుందని కంపెనీ గొప్పలు. పొగ తక్కువని సర్టిఫికెట్. ఆ నిద్రంతా పరీక్ష జరిగేటప్పుడేనని, రోడ్డెక్కితే ఎనిమిదీ మేలుకుని పొగ కక్కుతాయని తమ్ముడు పట్టేశాడు. మర్నాడే డిజైన్లు దొంగిలించాడని కేసు! పెట్టించింది బావే. పరీక్ష జరుగుతోందని కారు ఎలా పసిగడుతుందో మాత్రం తమ్ముడికీ అంతుపట్టలేదు. వాడు బయటికి రావాలంటే ఈ కారే సాక్ష్యం చెప్పాలి.

వంతెన గీత గీసినట్టు తిన్నగా ఉంది. భయానికి ఆమె చేతులు స్టీరింగ్ మీద కొయ్యబారిపోయాయి. లైట్లు దగ్గరవుతున్నాయి...

ధడ్!

వెనక నుంచి గుద్దాడు.

వంతెన అయిపోయింది. మలుపు! స్టీరింగ్ తిప్పింది.

ఢాం! సైలెన్సర్ పేలినంత చప్పుడు. కారు ఒక్క ఉదుటున దూకింది.

"ఇప్పుడా తెల్లారింది నీకు?" ఏడుపూ నవ్వూ కలిసొచ్చాయి ఆమెకు.

పొగ పరీక్షల షెడ్డు. ఇన్‌స్పెక్టరమ్మ అప్పటికే షట్టర్ సగం దించింది.

"టైమైపోయిందమ్మా. రేపు రా."

"రేపటికి నేనూ లోపలే ఉంటాను మేడం! ఒక్కసారి నా పక్కన కూర్చోండి. మీటర్ పెట్టుకుని రోడ్డు మీద చూద్దాం."

"రోడ్డు మీద కుదరదు. పరీక్ష ఇక్కడే, చక్రాల్ని రోలర్ల మీద తిప్పే చెయ్యాలి. రూలు."

"రోలర్ల మీద ఇది రాముడు మంచి బాలుడు మేడం! అదే కదా నా గోల!"

ఎన్ని ఆఫీసుల గుమ్మాలెక్కిందో! అందరిదీ ఇదే పాట. ఒళ్లు మండిపోయింది. గోడకేసి తల బాదుకోవాలనిపించింది.

బయట బ్రేకుల కీచు. బావ దిగాడు. కోటు తడిసింది గానీ చిరునవ్వు చెరగలేదు.

"రోలర్ల మీద పెట్టండి మేడం. నేనే అడుగుతున్నా. క్లీన్ అని తేలితే ఈ పిల్లని పోలీసులకి అప్పగిస్తాను."

"సరే. నువ్వే తోలమ్మా," అంటూ ఇన్‌స్పెక్టరమ్మ మీటర్ దగ్గరికి నడిచింది. "ఈ రాకెట్లు తోలడం నా వల్ల కాదు."

వెనక చక్రాలు రోలర్ల మీద తిరుగుతున్నాయి. ముందు చక్రాలు నేల మీద కదలకుండా ఉన్నాయి. మీటర్ ముల్లు పచ్చ గీత దాటడం లేదు.

దాటదు!

"క్లీన్," అంది ఇన్‌స్పెక్టరమ్మ. "సారీ అమ్మా."

బావ ఫోన్ చేసి పోలీసులను రమ్మన్నాడు. తర్వాత కారు కిటికీ మీదికి వంగాడు.

"దిగు చిట్టీ. అక్కకి నేను నచ్చజెప్పుకుంటాలే."

తమ్ముడి మొహం కళ్లముందు తిరిగింది. కళ్లు మసకబారాయి. కాలు ఇంకా యాక్సిలరేటర్ మీదే ఉంది. ఇంజిన్ గుర్రుమంటోంది.

ఆగు...

ఈ చప్పుడు... వంతెన మీద విన్నదే!

అక్కడ చేతులు కదల్లేదు. ఇక్కడా కదలడం లేదు. రోడ్డు మీద ఎవరైనా స్టీరింగ్‌ని కాస్తయినా అటూ ఇటూ ఆడిస్తూనే ఉంటారు. అది బొత్తిగా కదలకుండా ఉండేది ఒక్కచోటే... రోలర్ల మీద!

తలెత్తి చూసింది. బావ ఆమె చేతుల వంకే చూస్తున్నాడు. ఇప్పుడు నవ్వడం లేదు.

"చిట్టీ... వద్దు!"

స్టీరింగ్‌ని ఒక్క తిప్పు తిప్పింది.

ఢాం!

తుపాకీ పేలిందనుకుని ఇన్‌స్పెక్టరమ్మ బల్ల కింద దూరింది. ఎనిమిది సిలిండర్లూ లేచాయి. షెడ్డంతా పొగ! ముల్లు పచ్చ గీత దాటింది... ఎర్ర గీత దాటింది... చివరికంటా పోయి కొట్టుకుంటోంది!

మీటర్ ఆపేయడానికి బావ మెయిన్ స్విచ్ వైపు పరుగెత్తాడు.

ఇన్‌స్పెక్టరమ్మ బల్ల కింద నుంచి లేచి, చీర దులుపుకుని, స్విచ్‌కి అడ్డంగా నిలబడింది. దూరంగా సైరన్ వినిపిస్తోంది.

"కంగారెందుకు ఇంజినీరు గారూ? మీరు పిలిచినవాళ్లేగా... రానివ్వండి."