చుక్క ఒలక్కూడదు

"ఆక్టోపస్‌కి మూడు గుండెలు," అని మంగతాయారు మైకులో చెప్పింది. "ఒక్కదానితోనే మనం ఇంత యాతన పడుతున్నాం, పాపం దాని బాధలెన్నో!"

దీపస్తంభంలో, డాబాకి నాలుగు మెట్లు దిగువనున్న ఆ గదిలో, బల్ల మీద పచ్చదీపం వెలిగింది. ప్రతి మాటా సరిచూసి పేటని కాచే యంత్రం, నిలకడ, ఒప్పుకుందన్నమాట. దీపం వెలిగాకే ఆ మాట అడుగుపేటలో ఇంటింటా ఉన్న మాటగొట్టాల్లోకి వెళుతుంది. అలమర, మేస్త్రీ అనే మాటలు పోర్చుగీసు ఓడలు దిగి మన ఇళ్ళలో కాపురం పెట్టాయన్న మొదటి ముక్కకీ పచ్చదీపమే వచ్చింది. తాయారు రోజూ పొద్దున్నే ఇలాంటి మూడు వింత నిజాలు, పొద్దుముక్కలు, చెప్పడం మొదలెట్టాక ఎర్రదీపం వెలిగిన పాపాన పోలేదు. కడలికట్ట వెనక, సముద్రమట్టానికి దిగువన ఉన్న ఆ పేటలో తాయారు చెప్పిందంటే ఇక తిరుగులేదు.

మిగిలింది 'చేసి చూడండి' ముక్క. పేటకి అదంటే పిచ్చి. కిందటివారం ఉప్పునీళ్ళలో గుడ్డు తేలుతుందని చెబితే ఇంటింటా తేల్చి చూశారు. మర్నాడు కొట్లో గుడ్డు దొరికితే ఒట్టు.

పాట ఒకటి పెట్టి తాయారు గొంతు తడుపుకుంటూ ఉండగా ఫోను మోగింది. కట్ట దగ్గర పంపులు చూసే ఏసుపాదం.

"తాయారమ్మా, కట్ట అడుగున బీట ఇచ్చిందండి! ఇందాక వేలు దూరింది, ఇప్పుడు చెయ్యి దూరుతోంది. కాసేపట్లో తెగుద్దండి."

"నిలకడకి చెప్పావా?"

"చెప్పకేం! ఇక్కడి తడిమీటర్లు ఎప్పుడో చచ్చాయండి. అవి పొడిగా ఉందంటున్నాయి. అంచేత నిర్ధారణ కాలేదంట. ఆ మాటే పట్టుక్కూచుంది."

తాయారు మైకు అందుకుంది. మైకులో అరవబోయి నోరు మూసుకుంది. ఒకప్పుడు ఉత్తుత్తి సైరను మోగి మెట్ల మీద తొక్కిసలాటలో జనం పోయారు. అప్పటినుంచి పేటలో అందరి మణికట్టుకీ నాడిపట్టీలు. గుండెలు కట్టకట్టుకుని వేగం పెంచాయా, మళ్ళీ తొక్కిసలాట జరక్కుండా నిలకడ పైకెళ్ళే మెట్లదారి తలుపులు మూసేస్తుంది. ఇప్పుడు వరద అన్న మాట చెవిన పడితే చాలు, తలుపులు మూసుకుంటాయి, నీళ్ళొస్తాయి, అందరూ లోపలే ఉంటారు. ఆ లోపల నూకాలమ్మత్త కూడా ఉంది. తల్లి పోయాక తాయారుని పెంచిన మేనత్త. మోకాళ్ళు అరిగి గుమ్మం దాటడం మానేసింది.

జనాన్ని భయపెట్టకుండా పైకెక్కించాలి. అదీ పరుగెత్తనివ్వకుండా. ఎలారా దేవుడా!

పాట అయిపోయింది. తాయారు చూపు తన మంచినీళ్ళ చెంబు మీద పడింది.

"ఇక మూడో ముక్క," అంది. "పూర్వం ఈ తీరంలో ఏడాదికోసారి ఇంటిల్లిపాదీ తలా ఓ చెంబుడు నీళ్ళు పట్టుకుని, ఊళ్ళోకెల్లా ఎత్తైన చోటికి ఎక్కేవారు. చుక్క ఒలక్కూడదు! ఒలికిందా, ఏడాదంతా అత్తగారితో పోరే. ముసలివాళ్ళని ఎత్తుకెళ్ళినవాళ్ళకి పుణ్యం రెట్టింపు. పైన తూర్పుకి తిరిగి ఆ నీళ్ళు తాగేవారు. ఆ రోజు ఇవాళే. లేవండి మరి, దీపస్తంభం డాబా మీదకి ఎక్కి చూడండి!"

దీపం వెలగలేదు.

"ఆధారం దొరకలేదు," అంది నిలకడ.

"నోటిసాక్ష్యం. నాదే."

"అబద్ధమని తేలితే గొంతు రద్దు. పొద్దుముక్క ఇక మీ నోట వినపడదు. వేలిముద్ర వేయండి."

ఆ పని తప్ప తాయారుకి ఇంకోటి రాదు, వచ్చినా చెయ్యదు. ఇన్నేళ్ళలో ఒక్క అబద్ధపు ముక్క చెప్పలేదు. అయినా వేలు అద్దింది. పచ్చదీపం వెలిగింది.

తెర మీద మెట్లు కాసేపు ఖాళీగానే ఉన్నాయి. అంతలో ఇంటర్‌కం గీపెట్టింది.

"ఒసే తాయారూ, ఇదేం ఆచారమే!" నూకాలమ్మత్త. "నేనిక్కడికి కాపురానికొచ్చి ముసిల్దాన్నయ్యాను, నా చెవినెప్పుడూ పళ్ళేదే!"

నిలకడ వింటోంది. తాయారు తొందరగా అందుకుంది. "మర్చిపోయుంటావులే అత్తా. చెంబు పట్టుకుని బయల్దేరు."

"నీ గొంతేంటే, అలా వణుకుతోంది?"

"చెంబు పట్టుకో అత్తా," అంది తాయారు మళ్ళీ.

"ఆఁ, ఆఁ! ఉంది, ఉందే!" అంది అత్త ఉన్నట్టుండి. "మా అమ్మ చేసేది. నా మతిమరుపు మండ!" ఆ వెంటనే గుమ్మంలోంచి కేక వినపడింది. "ఒరేయ్, నన్నెవరెత్తుకుంటార్రా? పుణ్యం రెట్టింపంట!"

"రెండో సాక్ష్యం నమోదైంది," అంది నిలకడ.

మెట్ల మీద చెంబులు కదిలాయి. ఒకరి వెనక ఒకరు, చెంబు మీదే చూపు పెట్టి, నవ్వుకుంటూ, తొణక్కుండా, పెళ్ళినడక నడుస్తున్నారు. నాడులు చల్లగా ఉన్నాయి. ఇంత నెమ్మదా, కాస్త కదలండర్రా బాబూ అని తాయారు పెదవి కొరుక్కుంది. గట్టిగా అనడానికి లేదు.

"ఇంక ఆగదండి, నేనూ వచ్చేస్తన్నా!" అన్నాడు ఏసుపాదం ఫోనులో.

"చెంబు పట్టుకుని రా. పరిగెత్తకు."

"ఇక్కడ చెంబెక్కడిదండీ?"

"దోసిట్లో పట్టుకురా!"

ఏసుపాదం అందరికంటే వెనక దోసిలి పట్టుకుని ఆఖరి తలుపు దాటగానే, కింద కొండ విరిగినట్టు చప్పుడైంది. అందరి గుండెలూ ఒక్కసారి ఎగిశాయి. నిలకడ తలుపులన్నీ మూసేసింది. మూసిన తలుపుల వెనక నీళ్ళున్నాయి, మనుషులు లేరు.

"మూడో ముక్కని మళ్ళీ వెతికాను," అంది నిలకడ. "ఎక్కడా లేదు. రెండో సాక్షి తల్లి ఈ తీరంలో ఎన్నడూ ఉండలేదు. ఆ ఆచారం నిజంగా ఉందా?"

తాయారు కిటికీలోంచి చూసింది. డాబా మీద పేట మొత్తం తూర్పుకి తిరిగి నిలబడి ఉంది. కొందరు మునిగిన ఇళ్ళకేసి చూసి ఏడుస్తున్నారు. నూకాలమ్మత్త ఎవరి భుజాల మీదో కూర్చుని, చెంబెత్తి గటగటా తాగుతోంది. ఆమెని చూసి పక్కవాళ్ళూ చెంబులెత్తారు.

"ఉంది," అంది తాయారు.

"ఎప్పటినుంచి?"

"ఇవాళ పొద్దుటినుంచి."

దీపం పచ్చబడింది, ఎర్రబడింది, మళ్ళీ పచ్చబడింది. అది ఎటూ తేల్చుకోలేక అలా కొట్టుకుంటూ ఉండగానే, తాయారు తన చెంబు తీసుకుని డాబా మెట్లెక్కింది.