రాగి పళ్ళెంలో పచ్చ మంట

పోలరాజు ఒంటి మీద చిన్న గాయం కూడా లేదు. ఇబ్రహీంపట్నంలో ఒక గోడౌన్ వెనక, అద్దాలు బిగించిన లారీ క్యాబిన్‌లో, స్టీరింగు మీద తల ఆనించి నిద్రపోతున్నట్టే చచ్చిపోయి ఉన్నాడు. సీటు కింద ఒక చిన్న సిలిండర్ దొరికింది. దాని వాల్వు తెరిచే ఉంది.

మర్నాడు పొద్దున విజయవాడ వన్‌టౌన్‌లో రేడియో రిపేరు కొట్టు ముందు ఇష్తియాక్ ఆగాడు.

"తెల్లపొణికి చెక్క దొరకట్లేదండీ," అని గుర్తుమాట చెప్పాడు.

"రంగులు మాత్రం ఉన్నాయి. పైకెళ్ళండి," అన్నాడు కొట్టతను, తల ఎత్తకుండానే.

మేడ మీద గదిలో నిఘా విభాగం చీఫ్ వెంకటకృష్ణారావు, పోలరాజు శవం ఫోటోని ముందుకు తోశాడు. ఇష్తియాక్ దాన్ని చూడలేదు. బందరు చేపల రేవులో పెరిగిన పోలరాజుని ఆ గోడౌన్‌లో కూపీ లాగడానికి కాటావాడుగా కుదిర్చి, "నీకేం భయంలేదురా" అని భుజం తట్టింది తనే.

"గుండెపోటని రాసేశారు," అన్నాడు చీఫ్. "కాదు. మిథైల్ బ్రోమైడ్. మట్టిలోకి వదిలితే పురుగు, తెగులు, కలుపు గింజ అన్నీ చస్తాయి. మనిషీ చస్తాడు. గాల్లో కలిసింది పైకెళ్ళి ఓజోన్ పొరని తింటుంది. వచ్చే జనవరి ఒకటి, అంటే 2005 నుంచి పొలాల్లో వాడం అని పెద్ద దేశాలన్నీ సంతకాలు పెట్టాయి."

"మంచిదేగా సార్."

"మంచిదే. మరి మిగిలిపోయిన సరుకు?"

ఇష్తియాక్‌కి లెక్క అర్థమైంది. "మన పొలాల్లోకి."

"పన్నెండు వందల సిలిండర్లు. కాగితాల మీద ఏసీ గ్యాస్, పైన లేబుల్ భూసంజీవని. తెచ్చినవాడు గ్రైమ్స్ అని ఒక విదేశీయుడు. ఇంకో ఘనకార్యం విను. ఈ గ్యాస్‌కి వాసనుండదు. అందుకని కళ్ళు మండించే మందు కాస్త కలుపుతారు, మనుషులు పారిపోవడానికి. వీడు అది లేని సరుకే ఏరి తెచ్చాడు. కళ్ళు మండితే రైతు కొనడుగా!"

"ఛీ! మనుషులేనా సార్ వీళ్ళు?"

వాళ్ళు తిని వదిలిన ఎంగిలి విస్తరి కడిగి, పసుపు రాసి, మనకి విందని వడ్డిస్తున్నారు. పైగా సంజీవని అని పేరు!

"గోడౌన్ మీద పడితే లాయర్లు దిగుతారు. గురువారం కృష్ణలో ఒక లంక మీద నారుమడికి ఈ మందు పెట్టి, మూడొందల మంది రైతులకి చూపిస్తున్నారు. డెమో బాగుందని ఫోనొస్తే లారీలు డెల్టా అంతా కదులుతాయి. అక్కడే, అందరి ముందూ రుజువు చెయ్యి." చీఫ్ ఫ్లాస్కంత దీపం ఒకటి చేతికిచ్చాడు. "ఇందులో రాగి రింగుంది. అది కాలి ఎర్రబడ్డాక ఈ గ్యాస్ తగిలితే మంట ఆకుపచ్చగా మారుతుంది. వాళ్ళ మార్కెటింగ్ మేనేజర్ ఛాయాదేవి మన మనిషే. కోడ్ నేమ్ పొద్దుతిరుగుడు."

*

గురువారం పొద్దున పడవల రేవులో ఇష్తియాక్ పాలిథీన్ పట్టాల వ్యాపారి సిలార్ అయ్యాడు. గళ్ళ లుంగీ, చెవి మీద బీడీ. ఛాయాదేవి నల్ల కళ్ళద్దాలు, పట్టుచీర, రేవంతా గుప్పుమనే సెంటుతో ఎదురొచ్చింది.

"పడవ దగ్గర మగవాళ్ళందర్నీ తడిమి చూస్తున్నారండీ, సిలార్ గారూ," అంది గొంతు తగ్గించి. "దీపం నా హ్యాండ్‌బ్యాగ్‌లో పడెయ్యండి. లంక మీద ఇచ్చేస్తాను."

ఇచ్చాడు. అవతలి ఒడ్డున ఆమె చెప్పినట్టే తిరిగిచ్చింది.

నారుమడి మీద పాలిథీన్ పట్టా పరిచి, అంచులు మట్టితో కప్పేశారు. గ్యాస్ నిన్న సాయంత్రమే వదిలారు. రెండు రోజులు కప్పి ఉంచి, తర్వాత మడిని కొన్నాళ్ళు ఆరబెట్టాల్సింది. షో కోసం పదిహేను గంటల్లోనే విప్పుతున్నారు! గట్టు మీద ఎనిమిది మంది కూలీ ఆడవాళ్ళు చీరలు ఎగదోపుకుని నించున్నారు. పట్టా లాగి, మళ్ళోకి దిగి, విత్తనం చల్లడం వాళ్ళ పని. ముందు మడి గలావిడ శివపార్వతి దిగాలి. అరవై ఏళ్ళ మనిషి, ఆవిడ నోటికి లంకంతా హడల్.

గ్రైమ్స్ మైకులో భూమాత గురించి చెబుతుంటే ఇష్తియాక్ పట్టా సర్దుతున్నట్టు వంగి దీపం వెలిగించాడు. మంట మామూలుగానే ఉంది. ఇంకో చోట పెట్టాడు. అక్కడా అంతే. గ్యాస్ లేదా? అయితే పోలరాజు దేనికి చచ్చాడు? ఏం పాలుపోలేదు.

ఈలోగా గ్రైమ్స్ చప్పట్లు చరిచాడు. "పూజా! పూజా! బ్రోషర్‌కి ఫోటో కావాలి! నేటివ్ టచ్!"

"పూజకి వీడి పురమాయింపేంటే, వీడి మొహం మండ!" అని శివపార్వతి పక్కావిడతో విసుక్కుంది. అయినా అది ఎవరూ చెప్పకుండానే ఆవిడ చేసే పనే. ఈశాన్యం మూలన హారతి ఇవ్వకుండా ఏ మళ్ళోనూ కాలు పెట్టదు. ఆ మూల పట్టా కాస్త ఎత్తి, మట్టి చదును చేసి, తాతలనాటి రాగి పళ్ళెం నేల మీద పెట్టింది. కర్పూరం కాలీ కాలీ పళ్ళెం మధ్యలో కాగితంలా పలచబడింది. నాలుగు బిళ్ళలు వేసి వెలిగించింది.

మంట ముందు పసుపుగానే లేచింది. పళ్ళెం కాలేకొద్దీ అంచులు చిలకపచ్చగా మారాయి.

"అమ్మో! దుర్గమ్మ తల్లి పలికిందే!" అంది ఒక కూలీ. ఎనిమిది మందీ లెంపలేసుకున్నారు. ఇంతకన్నా శుభం ఏముంటుంది! పట్టా అంచులు పట్టుకున్నారు. శివపార్వతి కుడికాలు ఎత్తింది.

ఇష్తియాక్ చేతిలో దీపాన్ని తిప్పి చూశాడు. రాగి రింగు లేదు. దాని చోట తళతళలాడే స్టీలు రింగుంది. పొద్దుతిరుగుడు!

"ఆగమ్మా! కాలు పెట్టొద్దు! అది తల్లి కాదు, విషం! పట్టా వదిలెయ్యండి! అందరూ గాలికి ఎదురుగా రండి!"

అరుస్తూనే శివపార్వతి రెక్క పట్టి గట్టు మీదకి లాగేశాడు.

"ఎవడు వీడు? బయటికి గెంటండి!" గ్రైమ్స్ మొహం కందగడ్డైంది.

"వెళ్తాను సార్. మీది సంజీవనేగా? ఒక్క అయిదు నిమిషాలు ఆ మూలన కూర్చోండి. తర్వాత మీ కాళ్ళు నేనే కడుగుతాను."

"అవునయ్యా," అంది శివపార్వతి నడుం మీద చేతులేసుకుని. "మందు పెట్టినోడే ముందు దిగాలి. దిగు!"

మూడొందల తలలు అటు తిరిగాయి. గ్రైమ్స్ మడి వైపు చూశాడు. జేబులోంచి రుమాలు తీసి ముక్కుకి అడ్డం పెట్టుకున్నాడు. ఒక అడుగు వెనక్కి వేశాడు, ఇంకోటి వేశాడు, ఆ తర్వాత పడవ వైపు పరుగే! ఇంకే రుజువు కావాలి? నలుగురు రైతులు వెంటపడి తువ్వాలుతోనే చేతులు కట్టేశారు.

"కదలకండి!" ఛాయాదేవి కుడిచేతిలో చిన్న పిస్తోలు, ఎడమచేతిలో సెల్‌ఫోన్. కళ్ళద్దాలు నెత్తి మీదకి నెట్టి నంబరు నొక్కుతోంది. "లారీలు కదలడానికి ఒక్క మాట చాలు ఇష్తియాక్. ఎవరో ఒకరు కొనే సరుకే ఇది. అక్కడ నాశనం చేయాలంటే ఖర్చు, ఇక్కడ లాభం. దానికింత గొడవెందుకు?"

"పోలరాజు?"

"కాటావాడికి లేబుల్స్ చదవడమెందుకు? లారీలో కాసేపు కూర్చోమన్నాను. కూర్చున్నాడు."

ఇష్తియాక్ పక్కకి తిరిగి కాండ్రించి ఉమ్మేశాడు. మనిషిని చంపడం ఒకెత్తు, దాన్ని పక్కింటి కబురులా చెప్పడం ఇంకొకెత్తు. ఫోన్ అవతల రింగవుతోంది. ఎవరో "హలో" అన్నారు.

"తల్లీ, తప్పు కాయి!" అంటూ శివపార్వతి పూజకి తెచ్చిన కుంకుమ దోసెడు తీసి ఛాయాదేవి కళ్ళలో కొట్టింది.

ఛాయాదేవి కెవ్వుమంది. పిస్తోలు గాల్లోకి పేలింది. ఇష్తియాక్ ఒక్క గెంతులో ఫోన్ లాక్కుని, "లారీలు కదలొద్దు, ప్రోగ్రాం క్యాన్సిల్," అని కట్ చేశాడు. సరుకులోంచి తీయించేసిన కళ్ళమంట ఎలా ఉంటుందో ఆమెకి బాగానే తెలిసొచ్చింది.

*

సాయంత్రానికి ఇబ్రహీంపట్నం గోడౌన్‌కి సీలు పడింది. పోలరాజు కేసు కాగితాల్లో గుండెపోటు కొట్టేసి హత్య అని రాశారు. చీఫ్ ఫోన్ చేసేసరికి ఇష్తియాక్ ఇంకా లంక మీదే, నీళ్ళొడ్డున గొంతుక్కూర్చుని ఉన్నాడు.

"శభాష్! మన దీపం పనిచేసిందన్నమాట!"

"లేదు సార్. శివపార్వతి గారి హారతి పళ్ళెం పనిచేసింది. సాక్ష్యం కోసం అడిగితే ఇచ్చారు."

"అయితే వెంటనే పంపించవయ్యా!"

"ఫోటోలు తీయించాను, పంచనామా అయింది, పంపడం మాత్రం కుదరదండీ. విషం సోకిన పళ్ళేన్ని అమ్మవారి ముందు పెట్టనంది ఆవిడ. చింతపండేసి మూడుసార్లు తోమి, సందె దీపం వేళకి ఇంట్లో ఇచ్చి మరీ కదలమంది." ఇష్తియాక్ పళ్ళేన్ని నీళ్ళలో ముంచి తీశాడు. "ఇది రెండోసారి సార్."