చక్రానికో చుక్క

పెద్దాయన చేతులు ఇక పనికిరావని తీర్పు చెప్పింది కొడుకూ కోడలే. ఎవర్నీ అడగలేదు, ఏదీ చూడలేదు. బొమ్మరైలు ఆగి ఆగి నడుస్తోంది కాబట్టి నడిపే మనిషి అయిపోయాడన్నారు. అసలు తప్పు చేసింది వాళ్లు.

ఆయన నలభై ఏళ్లు గడియారాలు బాగుచేసిన మనిషి. పని మానేశాక ముందుగదిలో పెద్ద బల్ల మీద పట్టాలు పరిచి, చిన్న ఇంజన్‌తో బొమ్మరైలు నడుపుకుంటున్నాడు. రెండు నెలలుగా అది మొరాయిస్తోంది. ఎన్నిసార్లు విప్పి చూసినా లోపం అంతుపట్టలేదు. చివరికి లోపం తన చేతుల్లోనే ఉందని ఆయనే నమ్మేశాడు. టీ కప్పు కూడా రెండు చేతులతో పట్టుకోసాగాడు. రైలును ఎవరికైనా ఇచ్చేద్దామని కొడుకు అంటే తలూపాడు. ఆ మధ్యాహ్నమే కొడుకు స్నేహితుడు వచ్చి బల్లతో సహా పట్టుకుపోవాలి.

పొద్దున్నే పెద్దాయన ఆఖరిసారి ఇంజన్ చక్రాలు తుడవడానికి కూర్చున్నాడు. మురికి వస్తువు ఒకరి చేతిలో పెట్టడం ఆయనకు తెలియదు. స్పిరిట్‌లో తడిపిన గుడ్డపీలికను పట్టాల మీద అడ్డంగా వేశాడు. ముందు చక్రాలు గుడ్డ మీద, వెనక చక్రాలు ఒట్టి పట్టాల మీద ఉండేలా ఇంజన్‌ను పట్టుకుని మీట తిప్పాడు. చక్రాలు ఉన్నచోటే గిర్రున తిరిగాయి. గుడ్డ మీద రెండు నల్లటి చారలు పడ్డాయి. వాసన చూశాడు.

"ఇది కుట్టుమిషను నూనెరా," అన్నాడు కొడుకుతో. "నేనే పోసి మరిచిపోయానా?"

చేతులతో పాటు మతిమరుపు కూడా మొదలైందన్నమాట అని కొడుకు గొణిగాడు. పక్కన బట్టలు కుడుతున్న కోడలి మిషను టక్కున ఆగిపోయింది.

"నేను పోశాను మామయ్యా. నా మిషను మొరాయిస్తే చుక్క నూనెతో దారికొస్తుంది కదా. మీ ఇంజన్ ఒకరోజు ఆగితే చక్రానికో చుక్క వేశాను. మళ్లీ ఆగింది, మళ్లీ వేశాను. మీరు కునుకు తీసినప్పుడల్లా వేస్తూనే ఉన్నాను."

పెద్దాయన గుడ్డ మీది నల్లటి చారలు మళ్లీ చూశాడు. తర్వాత నవ్వాడు, కళ్లు మాత్రం తడిశాయి.

"నీ మిషనుకి తిండి నూనె తల్లీ. దీనికి తిండి కరెంటు. పట్టాల్లోంచి చక్రాలతో తాగుతుంది. నువ్వేమో ప్రేమగా నూనె పూసి దాని నోరు కట్టేశావు."

మిగతా చక్రాలూ తుడిచి, పట్టాలూ తుడిచి వదిలాడు. ఇంజన్ ఎక్కడా ఆగకుండా బల్లంతా చుట్టి వచ్చింది. ఆయన తన వేళ్లనే మార్చి మార్చి చూసుకున్నాడు.

స్నేహితుడు బయల్దేరి ఉంటాడని, ఇచ్చిన మాట ఎలా తప్పుతామని కొడుకు నసిగాడు. కోడలు లేచి ఫోను తెచ్చి అతని చేతిలో పెట్టింది.

"మీ మాట పోతే పోనివ్వండి. రెండు నెలలు ఆయన చేతుల్ని ఆడిపోసుకున్నాం. ముందు తప్పు మనదేనని మీ నాన్నగారితో చెప్పండి. తర్వాత మీ స్నేహితుణ్ణి రావొద్దనండి. ఇప్పుడే, నా ఎదురుగా."