సొలొమోను కనిపెట్టిన జబ్బు

డాక్టర్ సొలొమోను ఒక కొత్త జబ్బు కనిపెట్టాడు. బెజవాడలో అతను పనిచేసే ఆసుపత్రిలో అంతకుముందు ఎవరూ ఏదీ కనిపెట్టిన పాపాన పోలేదు కాబట్టి, అతని కాళ్ళు నేల మీద ఆనడం లేదు.

గుండె, ఊపిరితిత్తుల ఎక్స్‌రేల మీద రీసెర్చి అంటే అతనికి ప్రాణం. సినిమాలకి వెళ్ళడు. పెళ్ళి మాట ఎత్తితే పని ఉందంటాడు. డెబ్బై నాలుగో సంవత్సరం వానాకాలంలో రేడియాలజీలో కొత్తగా చేరిన డాక్టర్ మార్తని, మొదటి రోజే లైటు పెట్టె ముందు నిలబెట్టి ఫిల్ములు చూపించాడు.

"ఇదిగో, ఊపిరితిత్తి పైభాగంలో పొడుగాటి నీడ. ఆడవాళ్ళకే వస్తోంది. మన డెల్టా మీదుగా 'డెల్టా షాడో' అని పేరు పెట్టాను. శుక్రవారం మద్రాసు కాన్ఫరెన్సులో పేపర్ చదువుతున్నా."

మార్త చూసింది. ఇంకా దగ్గరికి వెళ్ళి చూసింది. తర్వాత కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"దగ్గొస్తోందా?" అన్నాడు సొలొమోను, ఇంకో పేషెంటు దొరికిందేమోనన్న ఆశతో.

"నవ్వొస్తోందండి. వీళ్ళకి మందేమిచ్చారు?"

"బి కాంప్లెక్స్. కొంతమందికి రెండో ఫిల్ములో పూర్తిగా పోయింది."

"రెండోసారి కొప్పు పెట్టుకొని వచ్చుంటారు. అది జబ్బు కాదండి, జడ."

సొలొమోను మొహం మాడిపోయింది. "ఇవాళే చేరారు. అప్పుడే నా రెండేళ్ళ కష్టాన్ని జడ అంటారా? జడ వీపు మీదుంటుంది. ఆమాత్రం నాకు తెలీదా?"

మార్త ఎక్స్‌రేలు తీసే పుల్లయ్యని పిలిచింది. "పుల్లయ్యగారూ, ఆడవాళ్ళకి ఫిల్ము తీసేటప్పుడు ఏం చెప్తారు?"

"వీపుకి అడ్డం లేకుండా జడ ముందుకేసుకోమంటానండి," అన్నాడు పుల్లయ్య, మెప్పు కోసం చూస్తూ.

అయినా సొలొమోను ఒప్పుకోలేదు. మార్త తనే వెళ్ళి జడ ముందుకేసుకుని ఒక ఫిల్ము, ముడి చుట్టుకుని ఒక ఫిల్ము తీయించుకుంది. మొదటిదానిలో డెల్టా షాడో దర్జాగా నిలబడి ఉంది. రెండోదానిలో లేదు.

సొలొమోను తన రెండేళ్ళ ఫిల్ములూ ఒక్కొక్కటే మళ్ళీ తీసి, వాటిలోని జడల్ని లెక్కపెట్టుకున్నాడు. మార్తకి నవ్వు ఆగిపోయింది. గొప్పలు చెప్పుకునే మనిషి అనుకుంది గానీ, పనిని ఇంతగా ప్రేమించే మనిషని అనుకోలేదు. ఆమెకి చాలా బాధ కలిగింది.

"పేపర్ మానేయండి. నేనెవరికీ చెప్పను."

"మద్రాసులో రీసెర్చి సీటు ఈ పేపర్ మీదే ఉందండి. మానేస్తే సీటు పోతుంది. చదివితే పరువు పోతుంది."

ఆ సాయంత్రం జోరువానలో అతను మద్రాసు రైలెక్కాడు. మార్త గుణదల మాత దగ్గర కొవ్వొత్తి వెలిగించింది. ఈ వైద్యం ఏ పుస్తకంలోనూ లేదని ఆమెకీ తెలుసు.

సోమవారం అతను తడిసి ముద్దయి, నవ్వుతూ వచ్చాడు.

"ఏమైందండి?"

"నేనెట్లా పొరబడ్డానో, మీరెట్లా పట్టుకున్నారో అంతా చదివాను. మీ పేరే ముందు పెట్టాను. హాల్లో అంతా పొట్ట పట్టుకుని నవ్వారు. తర్వాత ఒక్కొక్క డాక్టరే పక్కకి పిలిచి, మా ఊళ్ళోనూ ఈ జబ్బుందండీ అన్నారు. తప్పు ఒప్పుకునేవాడే రీసెర్చికి కావాలని సీటిచ్చారు. రెండేళ్ళు."

మార్తకి సంతోషం వేసింది. వెంటనే దిగులూ వేసింది. "అయితే వెళ్ళండి మరి."

"ఒక్కణ్ణే వెళ్తే మళ్ళీ ఏదో జబ్బు కనిపెడతాను. మీరూ రావాలి."

"నాకక్కడ పోస్టు లేదుగా."

"పోస్టు కాదండి." అతని చెవులు ఎర్రబడ్డాయి. "పెళ్ళి."

మార్త వాన చూసే నెపంతో కిటికీ వైపు తిరిగింది. "ఆ మాటేదో మా నాన్నగారితో చెప్పండి," అంది.

ఆదివారం చర్చిలో పూజ అయ్యాక, గుణదలలో మార్త వాళ్ళింటి వరండాలో సొలొమోను చెమటలు కక్కుతూ కూర్చున్నాడు. మార్త తల్లి తెరేసమ్మ కాఫీ ఇచ్చింది. తండ్రి శౌరయ్యగారు అంతా విని గొంతు సవరించుకున్నారు.

"నాకిష్టమే బాబూ. కానీ మా అమ్మాయి సంగతి ముందే చెప్పాలి. ఎవరి తప్పైనా మొహం మీదే చెప్పేస్తుంది. నన్నూ వదల్దు, వాళ్ళమ్మనీ వదల్దు. తర్వాత చెప్పలేదనొద్దు."

"తెలుసండి," అన్నాడు సొలొమోను. "అందుకే వచ్చాను."

తలుపు వెనక నుంచి మార్త గొంతు వినిపించింది. "అమ్మా, ఆయన కాఫీలో పంచదార వెయ్యలేదు నువ్వు. అడగలేక అట్లాగే తాగేస్తున్నారు."

శౌరయ్యగారు కాబోయే అల్లుడి వంక జాలిగా చూశారు.

"చూశావా," అన్నారు.