పేరు చెప్పని కుండ

"ఎవుడండీ ఇక్కడ నెట్టంతా మింగీసినోడు?"

జి.మాడుగుల నెట్ సెంటర్ గుమ్మంలో ఒక అమ్మాయి తడిసిన గొడుగు దులుపుతూ నిలబడింది. పేరు రత్న. కాఫీ రైతుల సంఘంలో పని. తోటల ఫొటోలు ఆన్‌లైన్‌లో ఎక్కించాలి. పొద్దున్నుంచి ఒక్కటీ ఎక్కలేదు.

సెంటర్ నడిపే మంగరాజు ఆమెను చూసి, చెప్పవలసిన జవాబు మరిచిపోయాడు. వాన చినుకొకటి ఆమె ముక్కు చివర ఆగి, పడాలా వద్దా అని ఆలోచిస్తోంది.

"నిన్నే. ఆ మూల కంప్యూటర్లో గీతలు పరిగెడతన్నాయి. సినిమాలు దించుతున్నావా ఏటి?"

"కాదండీ. అది రిలే."

"అంటే?"

ఈ ప్రశ్న ఎవరైనా వేస్తారని మంగరాజు చాలాకాలంగా ఎదురుచూస్తున్నాడు. "కొన్ని దేశాల్లో గవర్నమెంటోళ్ళు వెబ్‌సైట్లు మూసేస్తారండీ. అక్కడోళ్ళు ఇలాంటి కంప్యూటర్ల గుండా పక్కదారిన వచ్చి వార్తలు చదువుకుంటారు. నా దగ్గర అదంతా కంటైనర్లో నడుస్తాది. కంప్యూటర్లోనే మూతేసిన డబ్బా అనుకోండి. అది నా ఫైళ్ళు ముట్టుకోదు, నేను అందులో వేలు పెట్టను."

"ఎవురొచ్చారో?"

"తెలీదు."

"ఏటి సదివారో?"

"తెలీదు. ఎవరిదో అడగకూడదు, ఎవరికీ చెప్పకూడదు. అదే నా రూలు."

"ఊరూ పేరూ లేనోళ్ళకి మూటలు మోస్తన్నావన్నమాట. జీతమెంత?"

"ఏం లేదండీ."

రత్న జాలిగా చూసింది. "సదువుకున్నావా?"

"డిగ్రీ అండీ."

"అదీ సంగతి."

వాన పడితే జి.మాడుగులలో రేషన్ కార్డు సైటు కూడా తెరుచుకోదు. దానికి ఏ ప్రభుత్వమూ మూయనక్కర్లేదు. అలాంటి ఊళ్ళో కూర్చుని మంగరాజు ప్రపంచానికి దారులు తెరుస్తున్నాడు. ఆ రోజు మాత్రం రిలే ఆపేసి ఆమె ఫొటోలు ఎక్కించాడు. ఏ దేశంలోనో ఎవరి పేజీయో సగంలో ఆగిపోయే ఉంటుంది. ప్రపంచ స్వేచ్ఛ ఒక ముక్కు చివరి చినుకు ముందు అంతసేపే నిలిచింది.

తర్వాత ఆమె ప్రతి సంత రోజూ వచ్చింది. "ఏటి మూటలోడా, ఈరోజెంతమంది?" అనేది. అతను సంఖ్య చెప్పేవాడు. ఎవరెవరి మాటలనో దేశాలు దాటించేవాడికి తన మాట కౌంటర్ దాటించడం చేతకాలేదు.

ఇంతలో ఒకరోజు జీపు నడిపే రవిబాబు వచ్చాడు. మూతికి ఆకు కట్టిన జీలుగు కల్లు కుండ బల్ల మీద పెట్టాడు.

"మా మావకి కాలు బెణికింది. నేను స్వయంగా తీసుకెళ్ళకూడదు కదా. సోంబరు తాతింట్లో దింపీసి రా. ఏటి సెప్పాలో నీకు తెలుసు కదా?"

సోంబరు రత్న తాత. ఆ ఇంటి మాట వినగానే మంగరాజుకి మిగతాది వినపడలేదు. "నేనేం అడగనన్నా. ఇచ్చింది మోయడమే," అన్నాడు గర్వంగా.

అమ్మానాన్నా పోయి ఆరో ఏట హాస్టల్లో పడినవాడు డిగ్రీతో బయటికొచ్చాడు. తన కొండోళ్ళు పిల్లనెలా అడుగుతారో మాత్రం ఏ సిలబస్‌లోనూ లేదు.

కుండను సోంబరు అరుగు మీద దింపగానే పక్కింటి కనక పొయ్యి వదిలేసి పరిగెత్తుకొచ్చింది.

"ఎవురి కుండ నాయనా?" అడిగాడు సోంబరు.

గుమ్మంలో రత్న నిలబడింది. ఆమె చూస్తుండగా మంగరాజు నిటారుగా నిలబడ్డాడు. "పంపినోళ్ళ పేరు చెప్పడం నా రూలు కాదు తాతా."

కనక పకపకా నవ్వింది. "పేరు సెప్పకపోతే తెచ్చినోడిదే! పెద్దోళ్ళు లేని గుంటడు, సిగ్గుపడతన్నాడు."

"రత్నా," అన్నాడు సోంబరు, "మూత విప్పమంటావా? ఇది మేం తాగితే నిన్నిచ్చినట్టే మరి."

మంగరాజుకి అప్పుడు తెలిసింది తను మోసుకొచ్చిందేమిటో. నోరు మూసుకుంటే చాలు. రూలు కూడా అదే. బతుకులో మొదటిసారి సిద్ధాంతమూ స్వార్థమూ ఒకే జీపెక్కాయి.

రత్న తల వంచుకుంది. "విప్పు తాతా," అంది నెమ్మదిగా.

ఆ మాట వినడానికి మంగరాజు ఎన్ని దేశాలైనా వదులుకునేవాడు. సోంబరు చెయ్యి ఆకు ముడి మీద పడింది.

"ఆగు తాతా! అది నాది కాదు. రవిబాబుది."

రత్న తలెత్తింది.

"ముందే సెప్పడానికేటి రోగం?"

"రూలు..."

"నీ రూలు ఏట్లో కలవ! నలుగురి ముందూ నా నోటితో అనిపించీసినావు కదా!" తలుపు ధడాలున వేసుకుంది.

సోంబరు కుండ వెనక్కి నెట్టాడు. "విప్పని కుండ తిరిగెళ్తే కాదన్నట్టు. బేగి పట్టుకెళ్ళి ఆడికిచ్చీ."

"తాతా, మరి నేను..."

"ఇందాక జాలిపడ్డాను, ఇంక కుదర్దు. ఎవుడి కుండ ఆడు తేకూడదు. నీకు పెద్దోళ్ళు లేరు. ఎవురు తెస్తారు?"

కుండ చూసి రవిబాబు అన్న మాటలు ఏ దేశంలోనైనా సెన్సారుకి పోతాయి.

తర్వాతి సంత రోజు రత్న రాలేదు. ఆ పై సంతకి వచ్చింది. గొడుగు మూయకుండానే లోపలికి నడిచింది.

"ఏదీ?"

"ఏది?"

"నీ కుండ."

మంగరాజు కౌంటర్ కింద నుంచి తీశాడు. ఆ పొద్దునే తెచ్చాడు. మోసుకెళ్ళే మనిషి దొరక్క అలాగే ఉంది.

"మాట ముందు నాకు సెప్పు. తర్వాత మోస్తాను."

"నువ్వా? పిల్లే తన కుండ..."

"సెప్తావా, ఎల్పోనా?"

"ఇష్టం."

"ఇనపడలేదు."

"నువ్వంటే ఇష్టం!" అని అరిచాడు. జెరాక్సుల కోసం నిలబడ్డ క్యూ మొత్తం తిరిగి చూసింది. రత్న కుండ చంకనెత్తుకుని, గొడుగు అతని చేతిలో పెట్టింది. కొండదారి పొడుగునా అతను ఆమెకు గొడుగు పట్టి నడిచాడు. సగం తడిసింది అతనే.

అరుగు మీద కుండ దిగింది. సోంబరు కుండను చూశాడు, మనవరాలిని చూశాడు, కంచె బయట ఆగిపోయిన గుంటడిని చూశాడు.

"ఎవురిదే ఇది?"

"మంగరాజుది!" అంది రత్న, పక్క కొండకి వినపడేలా. "విప్పు తాతా."

"ఇలాంటిది నేనెక్కడా సూళ్ళేదు," అని సోంబరు చాలాసేపు గొణిగాడు. చివరికి కనక వైపు తిరిగాడు.

"నిలబడి సూత్తావేటి? ఆకు డొప్పలు తే."